జిరాక్సు కాగితం కిరీటం

మొదటి పుట్టినరోజుకి నూటడెబ్బై మంది.
లెక్క నాకు తెలుసు, కార్డులన్నీ
మా షాపు మిషన్ మీదే తీసేను,
ఓ పక్క తెలుగు, ఓ పక్క ఒడియా.
కేకు పర్లాకిమిడి నుంచి
మా తమ్ముడి ఒళ్ళో కూర్చుని బస్సులో వచ్చింది.
కాశీనగర్ దాటేక ఒక గోతిలో
గులాబీలన్నీ ఓ మూలకి వలసపోయాయి.
నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తి వెలిగించగానే
తరళ ఏడుపు లంకించుకుంది.
ఆల్బంలో చూడండి:
చుట్టూ చుట్టాల పళ్ళు, మధ్యలో పిల్ల కొండనాలుక.
ఏడు గోడగడియారాలు వచ్చాయి,
ఏడూ ఏడు టైములు చెప్పేవి.
షామియానా బాకీ తీరేసరికి
పిల్లకి పరుగు వచ్చేసింది.

రెండోదాన్ని వంశధార తినేసింది.
మోకాలిలోతు బురదలో
బెంచీ మీద బెంచీ వేసి మిషన్ ఎక్కించి
ఆ రాత్రంతా పిల్లని భుజాన వేసుకుని నిలబడ్డాం.
తేదీ మర్నాడు గుర్తొచ్చింది.

ఇది మూడోది.
"ఏటి కావాలే నీకు?" అని పిల్లనే అడిగేను.
చాలాసేపు ఆలోచించింది, కాలి బొటనవేలు చూసుకుంటూ.
"నీళ్ళు," అంది.
తాగడానికా?
"కాదు. బోల్డు నీళ్ళు."

పలాస నుంచి అత్త ఫోను:
"కేకు నేదా? టెంటు నేదా?
నలుగురూ ఏటనుకుంతారే?"
నలుగురే వస్తన్నారత్తా.
వాళ్ళు ఏటీ అనుకోరు.

గొర్లె వారి కవలలు, ఢిల్లేశూ నీలవేణీ.
సంతలో చింతపండు అమ్మే మంగళ సబర కూతురు రింకి.
పక్కింటి కుంతల మౌసి మనవడు బాపి,
వాడింకా ఏ భాషా మాట్లాడడు, కరుస్తాడు.
పిలుపు నోటితోనే:
పదింటికి దింపండి, పన్నెండుకి తీసుకుపొండి,
తువ్వాలు తెచ్చుకోండి.

షాపు షట్టరు దించేను. గునుపురం కోర్టు దగ్గర
పనిదినాన దించడం అదే మొదలు.
ఎవరిదో ఆదాయం సర్టిఫికెట్
వంకరగా పడిన కాపీలు మడిచి
ఐదు కిరీటాలు.
పెరట్లో బిందె, గంగాళం, ఇడ్లీ గిన్నె,
పాలు పొంగి అడుగంటిన సత్తుదబరా.
ఆటలు ఎవరూ ఆడించలేదు.
ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి
నీళ్ళు పోయడం తప్ప లోకంలో పనేటుంది?
బాపి నీలవేణిని కరిచాడు.
నీలవేణి తిరిగి కరిచింది.
లెక్క సరిపోయింది.

పదకొండింటికి వాన.
నా గుండె ఒక్కసారి బెంచీ ఎక్కింది.
పిల్లలు మాత్రం గిన్నెలన్నీ
చూరు కిందకి ఈడ్చుకుపోయారు.
ఒక్కో గిన్నెదీ ఒక్కో గొంతు.
దబరా అన్నింటికన్నా బాగా పలికింది.

కుంతల మౌసి గొడుగు లేకుండానే వచ్చింది,
చెంగు కింద ఇత్తడి గిన్నె దాచుకుని.
దీపం వెలిగించి, నెత్తిన గరికా బియ్యమూ వేసి
నాలుక ఆడించి హుళుహుళి పెట్టింది.
నోటినిండా నీళ్ళతో ఐదుగురూ అదే చెయ్యబోయారు.
మౌసి చీర మళ్ళీ తడిసింది.
తరళ దీపం వైపు అనుమానంగా చూసి
"ఊదాలా?" అంది.
వద్దమ్మా. దాని మానాన దాన్ని వెలగనియ్.
ఖీరి, అంది మౌసి. పరమాన్నం, అన్నాను నేను.
వాళ్ళు ఏ పేరూ పెట్టకుండా తినేశారు.

పన్నెండున్నరకి ఇల్లంతా నిద్ర.
గంగాళంలో కిరీటాలు గుజ్జయి తేలుతున్నాయి.
జిరాక్సు సిరా నీళ్ళకి చెదరదు.
గుండ్రటి ఒడియా అక్షరం ఒకటి
గుండ్రటి తెలుగు అక్షరం ఒకటి
పక్కపక్కనే ఉబ్బి ఉన్నాయి.
చెయ్యి పెట్టి తియ్యబోయి
అలాగే కూర్చుండిపోయాను, అరగంటో ఏమో.
ఏడు గడియారాల్లో ఒకటీ గోడ మీద లేదు.

షట్టరు మీద దబదబ.
భూమి పట్టా, రెండు కాపీలు.
పైకెత్తితే ఆయన చూపు గుమ్మం మీద పడింది,
నా చీర కుచ్చిళ్ళ మీద, గచ్చంతా నిండిన
చిన్న చిన్న తడి పాదాల మీద.
"ఏటమ్మా, మళ్ళీ వరదొచ్చిందా?"

లేదు బాబూ.
పుట్టినరోజు.